పాలతో మింగిన మాత్ర

మా ఇంటాయన పోయిన ఏడాదికే నేను లావెక్కాను. అది ఊరికి నచ్చలేదు. మొగుడు పోయిన ఆడది చిక్కిపోవాలి, చూసినవాళ్లకు అయ్యో అనిపించాలి. నాకేమో మొహం ఉబ్బింది, పాత రవిక ఒక్కటీ పట్టలేదు. తినేది పొద్దున ఒక ముద్ద, రాత్రి ఒక ముద్ద సంగటి, అంతే. గొంతు కూడా బొంగురుపోయింది. ఏడ్చి ఏడ్చి పోయిందనుకున్నాను.

మాది పుంగనూరు దగ్గర పల్లె. రెండు ఆవుల పాలు కేంద్రంలో పోసి బతుకుతున్నాను. ఒకరోజు పాల కేంద్రం వరుసలో నా వెనకామె, నాకు వినపడాలనే, పక్కామెతో అనింది.

"మొగుడుండేటప్పుడు ఎముకలే. ఇప్పుడు సూడు, ఎట్ల తేరుకునిందో."

తిరిగి ఒక మాట అనేదాన్నే. ఈ బొంగురు గొంతుతో ఎందుకులే అనుకున్నాను. పాలు పోసి వచ్చేశాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు, పాలు పిండుతూ పిండుతూ ఆవు డొక్కకు తల ఆనించి నిద్రపోయాను. ఆవు తన్నలేదు, దాని పుణ్యం. కానీ నాకు భయం వేసింది. మదనపల్లెకు పోయి డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆమె మెడ తడిమి రక్తం తీయించింది, థైరాయిడ్ అని చెప్పింది. లావూ, నిద్రా, గొంతూ అన్నీ దానివల్లేనట. ఇంట్లో ఒకరికి ఉంటే ఇంకొకరికి ఉండొచ్చు, కూతురుంటే చూపించమనింది.

నా కూతురిని కుప్పంలో ఇచ్చాను. రెండో కాన్పు తర్వాత అదీ నా మాదిరే ఊదిపోయింది, మధ్యాహ్నం కూడా తూలేది. వాళ్ల అత్త దాన్ని సోమరిపోతు అనేది. అక్కడ పరీక్ష చేయిస్తే దానికీ అదే. నాకు బాధ కంటే ముందు ప్రాణం తేలికపడింది. నా బిడ్డ సోమరి కాదు, జబ్బు మనిషి.

లేస్తూనే పరగడుపున ఒక మాత్ర వేసుకోమన్నారు. ఇక్కడ నేను చేసిన పని దాచకుండా చెబుతాను. మేము శనివారం ఒక్కపొద్దు ఉంటాము. ఒక్కపొద్దులో పాలు తాగినా తప్పు లేదు, పాలు తిండి కిందికి రావు. అంటే పాలు తాగినా అది పరగడుపే, నా లెక్కలో. పైగా మాత్ర వేడి చేస్తుందని మా అమ్మ కాలం నుంచి నమ్మకం. అందుకని పిండిన పాలు కాచి, గ్లాసెడు పాలతో మింగేదాన్ని. కూతురికి ఫోన్ చేసి నువ్వూ అట్లే మింగమని చెప్పాను. అది నా మాట దాటలేదు.

ఏడాది గడిచింది. పోయిన ప్రతిసారీ డాక్టరమ్మ మాత్ర బలం పెంచింది. సరిగ్గా వేసుకుంటున్నావా అని అడిగితే నాకు పౌరుషం వచ్చింది. ఒక్కరోజు తప్పలేదు అన్నాను. అది నిజమే. కుప్పంలో నా కూతురి బరువూ తగ్గలేదు, నిద్రా తగ్గలేదు. మాత్రల పేరు చెప్పి పండుకుంటాండాదని వాళ్ల అత్త వీధిలో చెప్పేది. చివరికి ఈ మాత్రలు పనికిరావు, వచ్చే నెల నుంచి మాన్పించి నాటుమందు పెట్టిస్తామనింది. అల్లుడూ సరేనన్నాడు. ఫోన్లో కూతురు ఏడవలేదు. "మానేస్తాలే అమ్మా, ఎట్లున్నా తగ్గల్యా" అనింది.

ఆ వారంలోనే దూడకు కడుపులో పురుగులు పోయేదానికి నట్టల మందు పట్టాలి. తెల్లారి దూడ తాడు తెంపుకొని పొదుగు మీదికి పోతోంది. నేను మెడ పట్టి ఆపాను. ముందు మందు, తర్వాతే పాలు. పాలు కడుపులో ఉంటే మందు పట్టదని పశువుల ఆస్పత్రి కాంపౌండరు చెప్పింది నేను ఎన్నేళ్లుగానో పాటిస్తున్నాను. దూడకు మందు పోసి, లోపలికి వచ్చి, నా మాత్ర చేతిలోకి తీసుకొని, పాల గ్లాసు ఎత్తాను. ఎత్తినది ఎత్తినట్టే దించేశాను.

ఆ రోజే మదనపల్లె బస్సెక్కాను. డాక్టరమ్మకు చెబితే పెన్ను కింద పెట్టింది. పాలూ కాఫీ టీలూ మాత్రను ఒంటికి పట్టనివ్వవట. ఉత్త నీళ్లతో మింగి గంటసేపు ఏదీ తాగకూడదట.

కూతురికి ఫోన్లో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ఇంట్లో దాని మీద పడిన మాట అట్లే ఉంటుంది. మరుసటి రోజు పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం పోయాను. వియ్యపురాలు కాఫీ ఇచ్చింది. గ్లాసు పక్కన పెట్టి, అల్లుడు వినేటట్టు చెప్పాను.

"వదినా, తప్పు నీ కోడలిది కాదు, మందుది కాదు. పాలతో మింగమని సెప్పింది నేను. ఏడాది పాడు చేసింది నేనే."

"పాలు తాగితే తప్పేముండాది? అవేమన్నా తిండా?"

"మనకు కాదు వదినా. మాత్రకు తిండే."

ఆమె నేను పక్కన పెట్టిన కాఫీ గ్లాసు చూసింది. "అయితే ఇన్నాళ్లూ మాత్రల్ని మీ ఆవు తినేసిందన్నమాట" అనింది. తలుపు దగ్గర నిలబడిన నా కూతురు నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్లయిందో. మూడు నెలలు చూస్తాము, తగ్గకపోతే నాటుమందేనని వియ్యపురాలు తేల్చేసింది. నేను ఒప్పుకున్నాను.

ఆనాటి నుంచి తెల్లారి ఆవు దగ్గరికి పోకముందే నీళ్లతో మాత్ర మింగి, కూతురికి ఒక్క రింగు ఇస్తాను. అది మింగి తిరిగి రింగు ఇస్తుంది. అది వచ్చిందాకా నేను చెంబు పట్టను. మాట లేదు, ఖర్చు లేదు. మూడు నెలలకు రక్తం చూపిస్తే దాని థైరాయిడ్ అదుపులోకి వచ్చింది. వియ్యపురాలు నాటుమందు మాట మళ్లీ ఎత్తలేదు. నా కూతురు సన్నబడిపోయిందని అబద్ధం చెప్పను. కొంచెం తగ్గింది. మధ్యాహ్నం తూలడం పోయింది. ఇప్పుడు పిల్లల్ని బడికి తనే నడిపించుకొని పోతోంది.

మొన్న పాల కేంద్రంలో ఆ వెనకామె నా పక్కకు వచ్చి, మెడ మీద చెయ్యి పెట్టుకొని, ఆ రక్తపరీక్ష యాడ చేస్తారక్కా అని గుసగుసగా అడిగింది. ఆమె పాత మాట నాకు గుర్తే. మదనపల్లె దారి చెప్పాను. నా గొంతు ఇప్పటికీ బొంగురే, గుసగుస నాకు రాదు.

"మాత్రిస్తే నీళ్లతోనే మింగు. పాలతో మింగి నేనూ నా కూతురూ ఏడాది పోగొట్టుకున్నాము."

వరుసలో చివరామె దాకా వినపడింది. వినపడాలనే చెప్పాను.