సర్టిఫికెట్ మీద కుంకుమ బొట్టు

మా ఆయన లాల్‌దర్వాజలో లక్క గాజులు చేయించి దుబాయ్‌కి పంపేటోడు. సరుకుతోటి పోయే ప్రతి కాగితాన్నీ నేను అమ్మవారి ముందర పెట్టి, పైన కుడిమూలకు కుంకుమ బొట్టు పెట్టేదాన్ని. ఇంట్ల నేర్చుకున్న చదువు నాది, ఇంగ్లిషు రాదు. ఆ మూలకు నంబరు ఉంటదని తెల్వదు.

మునుపు దుబాయ్‌ల సరుకు తనిఖీ చేసే ఆఫీసర్లు కాగితం చూసి ముద్ర కొట్టేటోళ్లు. తర్వాత కంప్యూటర్లు వచ్చినయి. ఆ ఏడు రంజాన్ సరుకు పోయినప్పుడు, గాజులు మన దేశంలో చేసినయే అని రాసిచ్చే సర్టిఫికెట్ మీద నా బొట్టు ఒక అంకెను కప్పేసింది. ఎనిమిదిని మూడనుకొని కంప్యూటర్ల కొట్టిన్రట. అసలు ఆ నంబరుతోటి సర్టిఫికెటే లేదని కంప్యూటర్ చెప్పింది.

ఇక్కడ మా కాగితాలు చూసే ఏజెంటు మా ఆయనకు ఫోన్ చేసిండు.

“అన్నా, దొంగ సర్టిఫికెట్ అని సరుకు ఆపిన్రు. ఇచ్చిన ఆఫీసు నుంచి మళ్ల లెటర్ పోవాలె. ఏంది భాయ్, కాగితానికి పెండ్లి గిట్ల చేసిన్రా?”

లెటర్ పోయేసరికి పండుగ అయిపోయింది. దుబాయ్ సేటు ఇగ మా గాజులు వద్దన్నడు. మా సరుకు కొనేటోడు ఆ సేటొక్కడే.

“బొట్టు పెట్టింది నేనే గదా,” అని ఏడ్చిన.

“మంచి కోరే పెట్టినవు, ఊకో,” అన్నడు మా ఆయన. ఆ మాటకు జన్మంత రుణపడి ఉన్న.

మరునాడు పొద్దుగాల గాజులకు అద్దాలు అతికే ఆడోళ్లు ఎప్పటిలెక్కనే వచ్చిన్రు. పని లేదని నేనే చెప్పిన.

“మళ్ల ఎప్పుడు రావాలె అక్కా?” అని అడిగిన్రు.

కూసోమని చాయ్ పెట్టిన.