క్వార్టర్లో ఎలుకలు, రిజిస్టర్లో సంతకాలు

2007 ఏప్రిల్‌లో నన్ను గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల క్వార్టర్ల మరమ్మతులకు ఓవర్సీరుగా వేశారు. ఇంజనీరుకు కింద, మేస్త్రీకి పైన. తిట్లు రెండు వైపుల నుంచీ అందే ఎత్తు. ఎలుకల ఫిర్యాదు వస్తే మా పద్ధతి సులువు. విషపు బిళ్లలిచ్చి, రిజిస్టర్లో సంతకం చేయించుకుని, ఫిర్యాదు మూసేయడమే. కన్నం మూయాలంటే మాత్రం అంచనా రాసి, మంజూరు కోసం ఆగాలి. నేను ఫిర్యాదులే మూసేవాణ్ణి.

జూన్‌లో స్వరూప అనే ఆమె రెండేళ్ల కూతురు, ఎలుక మంచం కిందికి ఈడ్చుకొచ్చిన బిళ్లను నోట్లో పెట్టుకుంది. దవాఖానలో గండం గడిచింది. చూడ్డానికి వెళ్తే స్వరూప నా ముఖం వైపు చూడకుండా అంది: "రేపు ఇంటికి తోల్కపొమ్మంటున్నరు. ఇంట్ల ఎలుకల మందున్నా తోల్కపోను, ఎలుకలున్నా తోల్కపోను. ఏం జేస్తరో జెయ్యుండ్రి, సార్."

ఇంజనీరుకు చెప్పాను. బిళ్లలు అందినట్టు సంతకం ఉంది కదా, మన తప్పేముంది అన్నారు. ఆ సంతకం చేయించింది నేనే. ఒళ్లు మండింది, సగం ఆయన మీద, సగం నా మీద.

మంజూరు అడక్కుండా సిమెంటు, ఇనుప జాలీ తీసుకుని వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. స్వరూప భర్త ఓదెలు బొగ్గు బాయిలో, అంటే గనిలో, స్టాపింగు మేస్త్రీ. బొగ్గు తీసేసిన పాత దారుల్లోకి గాలి చొరకుండా అడ్డుగోడలు కట్టే మనిషి. నేను చూపిన నాలుగు కన్నాలూ చూసి తల అడ్డంగా ఊపాడు. "గిట్ల దొరకయి సార్. కిటికీలు బంద్ జేసి ఊదుబత్తి పట్టుండ్రి. పొగ ఎక్కడ వంకర బోతే గక్కడ బొక్క."

పొగ వంటగట్టు కింద వంగింది. అక్కడ నీళ్ల పైపు చుట్టూ పిడికిలి పట్టేంత సందు. మేలో ఆ పైపు వేసింది మా విభాగమే. "పని పూర్తి" అని రాసింది నేనే.

"బాయిల గిట్ల ఇడిసిపెడితే నా నౌకరి పోతుండె" అన్నాడు ఓదెలు.

నా నౌకరీ పోలేదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

సందులో జాలీ కుక్కి, పైన సిమెంటు పెట్టాం. ఉత్త సిమెంటైతే ఆరకముందే తవ్వేస్తాయి. తూముకు జాలీ, తలుపు కింద రేకు బిగించాం. పెన్సిలు దూరే సందు కూడా వదల్లేదు. చిట్టెలుకకు అది చాలు. బిళ్లలన్నీ ఏరి పట్టుకెళ్లాను.

మర్నాడు స్వరూప పాపను చంకనేసుకుని వచ్చి, తలుపు మూసి, గడప దగ్గర కూర్చుని రేకు కింద వేలు పెట్టి చూసింది. దూరలేదు. అప్పుడు లోపలికి వెళ్లింది.

మంజూరు లేని సామాను వాడినందుకు నాకు మెమో వచ్చింది. బిళ్లలు పంచినందుకు ఎన్నడూ రాలేదు.

రిటైరయ్యేదాకా ఎలుకల ఫిర్యాదుకు ఊదుబత్తితోనే వెళ్లాను. ఎలుక ఎక్కడ దాక్కుందో కాదు, దానికి దారి ఎవరు వేశారో ముందు చూడాలి. చాలాసార్లు అది మా పైపే.