ఏడవని పిల్ల, తడవని గుడ్డలు

ఇప్పుడు మీకొక మహాకావ్యం చెప్పబోతున్నాను. ఇందులో కరువుంది, ఒక్క చుక్క కోసం ఎదురుచూసే జనముంది, రెండు రాజ్యాల మధ్య పాత వైరముంది, ఒక స్త్రీ దాహముంది.

అంత సీన్ లేదు లెండి. మా పాప రోజుకు ఎన్నిసార్లు ఉచ్చ పోసింది అన్నదే కథ. జరిగిన చోటు మెట్టుగూడలో మా అమ్మవాళ్ల రెండు గదుల ఇల్లు. రెండు రాజ్యాలంటే మా అమ్మ, కాప్రా నుంచి వచ్చి దిగిన మా అత్తమ్మ. దాహం నాది.

ఏప్రిల్‌లో కన్నాను. మా దగ్గర ఏప్రిల్ అంటే ఫ్యాను గాలి కూడా పొయ్యి మీంచి వచ్చినట్టుంటుంది. ఆ ఎండల్లో నాకు చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఒంటికి స్వెట్టరు. తిండి అన్నం, వెల్లుల్లి కారం. నీళ్లు మాత్రం పూటకొక చిన్న గ్లాసు, అదీ మాత్రలు మింగడానికి. బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందట, పిల్లకు జలుబు చేస్తుందట. పెళ్లి భోజనాల్లో పప్పు దగ్గర్నుంచి ఏ విషయంలోనూ కలవని మా అమ్మా అత్తమ్మా ఈ ఒక్కదాంట్లో కలిశారు. సంతోషించాల్సిన విషయమే. నాలుక అంగిలికి అతుక్కుపోయి ఉండడం వల్ల కుదరలేదు.

"జెర నీళ్లియ్యమ్మా," అంటే, "గిప్పుడే గద తాగినవ్," అనేది అమ్మ.

"గది పొద్దుగాల."

"పొద్దుగాల తాగినయి ఏడవోయినయే? కడుపులనే ఉన్నయి గద."

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సు ఒక మాట చెప్పింది. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరు గుడ్డలన్నా తడపాలి, తగ్గితే తీసుకురండి అని. మిగతా జాగ్రత్తలన్నీ మర్చిపోయాను గానీ ఇది బుర్రలో ఉండిపోయింది. వారం దాటింది. పాప మూడు తడిపింది. మర్నాడు రెండే. ఆ రెండోది పాప తడా, నా చెమటా అన్నది కూడా అనుమానమే.

అమ్మతో అంటే, "పసిపిల్లలవి లెక్కవెడ్తరానే? దిష్టి తగుల్తది," అంది. మా ఇంట్లో పిల్లల ముద్దలు, పళ్లు, గుడ్డలు, ఏవీ లెక్కపెట్టకూడదు. చూడ్డానికి వచ్చినవాళ్లు తెచ్చిన స్వీటు డబ్బాలు మాత్రం లెక్కపెడతారు.

మా ఆయనకు ఫోన్ చేశాను. సాయంత్రం డైపర్ల ప్యాకెట్టు పట్టుకొచ్చాడు. తడి లేదని నేను మొత్తుకుంటుంటే, ఉన్న తడిని కూడా కనపడకుండా చేసే వస్తువు కొనుక్కొచ్చాడు మహానుభావుడు. మాటిమాటికీ ఆ డైపరును మోండా మార్కెట్‌లో మామిడిపండు నొక్కినట్టు నొక్కి, "కొంచెం మెత్తగైందే," అనేవాడు.

"దాన్ని మెత్తగనే తయారు చేస్తరు," అన్నాను. మళ్లీ పాత చీర గుడ్డలకే వచ్చాం.

వచ్చినవాళ్లందరూ పాపను ఒకటే మెచ్చుకోవడం. ఎంత మంచి పిల్ల, ఏడుపే లేదు అని. అత్తమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుని, "మా ఇంటి పోలిక. మావోడు సుత గిట్లనే సప్పుడు జేయకుండ పండేటోడు," అని వాళ్లకు చెప్పేది. ఆవిడ కొడుకు ఇప్పటికీ సప్పుడు చేయకుండానే పడుకుంటాడు. అది వంశపారంపర్యమని నాకప్పుడే తెలిసింది.

పాప నిజంగానే ఏడ్చేది కాదు. నాలుగు గుటకలు తాగి నిద్రలోకి జారిపోయేది. లేపబోతే ఇద్దరూ నా మీదికి వచ్చేవాళ్లు. నిద్రపోయే పిల్లను లేపితే పాపమట. ఆకలైతే అదే లేస్తుందట. నాకది నిద్రలా కనిపించలేదు. పెదవులు పొడిబారి ఉన్నాయి. చెంప మీద తడితే మొహం చిట్లించడానికి కూడా ఓపిక లేనట్టు ఉండిపోయేది. దాన్ని చూసి ఏదన్నా జోకు వేద్దామనుకున్నాను. రాలేదు.

ఒక మధ్యాహ్నం గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక కనిపించింది.

"పసుపేమో," అంది అమ్మ. పసుపు ఆ రంగులో ఉండదని, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వంటింట్లోనే ఉన్న మనిషికి నేను చెప్పాల్సి వచ్చింది.

"వేడి చేసినట్టుంది, అంతే," అంది అత్తమ్మ.

పొద్దుట్నుంచి పాప పోసింది అంటే ఆ మరకే. స్వెట్టరు విప్పేసి, చెవుల్లో దూది పీకి, పాపను ఎత్తుకుని గడప దాటాను. పచ్చి బాలింత గడప దాటకూడదు.

"ఏందే గిది? ఎవలన్న చూస్తే ఏమంటరు?" అంది అమ్మ.

"పిల్ల మంచిదే, తల్లే మంచిది కాదంటరు," అన్నాను. ఆటో ఎక్కేసరికి ఇద్దరూ చెరోపక్కా వచ్చి కూర్చున్నారు.

డాక్టరమ్మ బరువు చూసింది. పుట్టినప్పటికన్నా బాగా తగ్గింది. పాలు ఎప్పుడెప్పుడు ఇస్తున్నారని అడిగింది.

"లేసినప్పుడు," అంది అమ్మ.

"లేచే శక్తి ఉంటే కదమ్మా లేవడానికి. ఏడవట్లేదంటే మంచి పిల్ల అని కాదు, ఏడవడానికి ఒంట్లో ఏం లేదని." నా వైపు తిరిగింది. "నువ్వు నీళ్లు సరిగ్గా తాగుతున్నావా?"

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ, "పథ్యం మంచిగ చేయిస్తున్నం, డాక్టరమ్మా. నీళ్ల జోలికే పోనిస్తలేం," అంది, మార్కులు వేస్తారేమో అన్నట్టు.

డాక్టరమ్మ మందుల చీటీ ముందుకు లాక్కుంది. తర్వాత చెప్పింది. రెండు గంటలకోసారి బట్టలు విప్పి, అరికాళ్లు రుద్ది, లేపి మరీ పాలివ్వాలి. పైగా నా పాలే పిండి తీసి చెంచాతో పట్టాలి. తల్లికి దాహమైనప్పుడల్లా నీళ్లివ్వాలి. రేపు మళ్లీ చూపించాలి, మారకపోతే ఆసుపత్రిలో పెట్టుకుంటారు.

ఇంటికొచ్చాక నీళ్లొచ్చాయి. చెంబులతో వచ్చాయి.

"తాగు బిడ్డా, పిల్లకు పాలు పడాలె," అంది అమ్మ.

"ఇంకింత తాగు. పిల్ల కోసం," అంది అత్తమ్మ.

అన్నాళ్లూ అడిగింది నేను. ఇచ్చింది పిల్లకు. నడుమ నేనొక పైపును. నా గొంతెండిందని ఆ ఇంట్లో ఒక్కరూ అనలేదు, ఇవాళ్టి దాకా అనలేదు. చెంబు ఎత్తి తాగేశాను. పైపులకు కోపాలుండవు.

మర్నాడు మధ్యాహ్నానికి పాప ఏడ్చింది. గల్లీ చివరిదాకా వినపడేలా ఏడ్చింది.

"గింత మొండిదేంది?" అంది అత్తమ్మ. "మా దిక్కు ఎవ్వరూ గిట్ల లేరు."

అమ్మ ఏదో అనబోయింది. అప్పుడే పాప పోసింది. గుడ్డ తడిసింది, దుప్పటి తడిసింది, కింద పరుపు తడిసింది. సాయంత్రం డాక్టరమ్మకు చెప్పడానికి మాకొక మంచి మాట దొరికింది.

రబ్బరు షీటు వేయకపోతే, దూది పరుపు ఎంత ఎండలో వేసినా ఆరడానికి రెండు రోజులు పడుతుంది.