కక్కసు పక్క చోటు

నేను వార్డరుగా చేసిన సబ్‌జైల్లో పులివెందుల తట్టు పెద్దాయన ఒకాయన ఉండె. ఆయన మీద రెండు హత్య కేసులు. కొత్తగా ఎవరొచ్చినా టవలు దులిపి, "ఏం కేసప్పా?" అని అడిగేవాడు.

హత్య అంటే పక్కన చోటిచ్చేవాడు. దొంగతనమంటే తలుపు కాడికి పంపేవాడు. ఆడపిల్లను చెరిచిన కేసంటే మాత్రం కక్కసు వైపు వేలు చూపేవాడు. వాడు ఆడనే తినాల, ఆడనే పడుకోవాల. వానికి ఎవరూ చెంబు గూడా ఇయ్యకూడదు. కోర్టు తీర్పు కంటే ముందు ఆయన తీర్పు వచ్చేది. నేనూ అడ్డం చెప్పలేదు, న్యాయమే కదా అనుకుంటి.

ఒకరోజు ఆడపిల్లను చెరిచిన కేసులోనే ఆయన తమ్ముని కొడుకు వచ్చినాడు. పెద్దాయన టవలు దులిపినాడు గానీ కేసు అడగలేదు.

"అన్నం తింటివా?" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

కాసేపటికి చువ్వల కాడికొచ్చి నన్నడిగినాడు.

"గొర్లు మేపుకునే పిల్లకు ఆ శెనగ చేన్లో ఏం పనప్పా?"

"ఆ చేను ఆ పిల్ల ఇంటోళ్లదే మామా. కేసు కాగితాల్లోనే ఉంది" అంటి.

ఆయన ఇంకోసారి టవలు దులిపినాడు.

"సర్వే నంబరెంత?" అన్నాడు.