ఎర్రావు మీగడ

మా ఎర్రావు ముసలిదైపోయింది. ఇంకొక్క ఈత ఈనితే గొప్ప. దాని పాలు కాచి చల్లార్చితే మీగడ ఎంత మందంగా కట్టేదంటే, మా అత్త గరిటె పెట్టేది కాదు, చేత్తోనే ఎత్తేది. ఆ మీగడ కాస్తా ఎర్రావుతోనే పోతుందని ఆమెకు ఒకటే బెంగ.

నాకేమో అది ఇచ్చే చెంబెడు పాలు చాలవు, బకెట్టు నిండాలి. ఎదకొచ్చిన ఎర్రావుకు చూడి కట్టే సూది వేయడానికి పశువుల డాక్టరు బండి మీద వచ్చిన రోజు, నలుపు తెలుపు మచ్చల సీమ ఎద్దుదే వేయమని పట్టుబట్టాను. అత్త కొట్టం ముందర అడ్డం నిలబడి, పెళ్లి సంబంధం విచారించినట్టు మొదలుపెట్టింది.

"ఏమప్పా, ఆ ఎద్దును కన్న ఆవు పాలెట్లుంటాయి? మీగడ కట్టతాదా?"

"పాలు శానా ఇస్తాదిమ్మా. వెన్నే తక్కువ," అన్నాడు డాక్టరు. "పుట్టేదానికి సగం తల్లి గుణం, సగం తండ్రి గుణం. వెన్న యా పక్కకు మొగ్గుతాదో నేను సెప్పలేను."

"వేసేయండి సార్," అన్నాను. అత్త చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

పెయ్యదూడే పుట్టింది. నా ఖర్మ, ఒంటినిండా తండ్రి మచ్చలే, ఒక్క ఎర్ర వెంట్రుక లేదు!

"ఇది మన ఎర్రదాని బిడ్డంటే ఎవురు నమ్ముతారు మే?" అని అత్త ముఖం తిప్పుకుంది. దూడకు గడ్డి వేసేది, కుడితి పెట్టేది, ఒళ్లు మాత్రం నిమిరేది కాదు. నాకు ఒళ్లు మండేది. అదేం పాపం చేసింది? తర్వాత ఎర్రావు పోయింది. అప్పుడు కూడా ఈ పెయ్య దగ్గరికి పోలేదు మహాతల్లి.

పెయ్య పెరిగి ఈనింది. జున్నుపాలు అయిపోయాక బకెట్టు సగానికి కొంచెం పైన నిండింది. పాలకేంద్రంలో మిషన్ వెన్న బాగుందనే చూపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్త మిషన్‌ను నమ్మే రకమా? ఆ సాయంత్రం తనే పాలు కాచి మూత పెట్టింది.

తెల్లారి మూత తీసింది. చాలాసేపు చూసింది. గరిటె పక్కన పెట్టి, చేత్తో ఎత్తింది.

ఆ చేత్తోనే నేరుగా కొట్టంలోకి పోయి, మచ్చలావు మెడ పట్టుకుని, "మీయమ్మను యాడ దాసిపెట్టుకున్న్యావే ఇన్నాళ్లూ!" అని ఏడ్చేసింది. మెడ నిండా మీగడే. ఆ పూట నా కాఫీకి మిగల్లేదు, నేను అడగనూ లేదు.