నల్లదారం గుండీ

చిత్తడి నేలల మీదుగా పోయే ఆ లోకల్ రైలుకి పుట్టుకతోనే తొందర లేదు. హాల్టు వచ్చినా ఆగుతుంది, రాకపోయినా ఆగుతుంది. కిటికీలోంచి చూస్తే అటూ ఇటూ నీళ్ళు, నీళ్ళలో జమ్ము, జమ్ము మధ్య మట్టిగట్లు, గట్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్ళు. సరదాకి వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుని మురిసిపోతారు. మిషనమ్మ మాత్రం తీరిక దొరికినప్పుడల్లా ఆ రైలెక్కి, ఏదో ఒక హాల్టులో దిగి, మొగుడి కోసం వెతికేది.

ఆమెకి సొంత పేరు లేకపోలేదు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుట్టడంతో ఆ పేరు కాస్తా మిషను చప్పుడులో కలిసిపోయింది. మొగుడు స్టవ్వులు బాగుచేసేవాడు. భుజాన ఒక సంచి, అందులో వత్తులు, వాషర్లు, ఒక పట్టకారు, మనిషి చుట్టూ ఎప్పుడూ కిరసనాయిలు వాసన. ముసురు పట్టిందంటే ఆయనకి ఎక్కడలేని హుషారూ వచ్చేది. కట్టెలు తడిసిపోతే అందరికీ మూలన పడేసిన స్టవ్వే గుర్తొస్తుంది మరి. లోకమంతా ఇళ్ళలో దూరితే ఈయన రైలెక్కేవాడు. ఏ హాల్టులో దిగుతావయ్యా అని అడిగితే, "ఎక్కడ వాన గట్టిగా ఉంటే అక్కడ" అనేవాడు. ఆ వెటకారమే కొంప ముంచింది. పోయిన వానల్లో గట్లు తెగిన రోజున ఆయన ఎక్కడ దిగాడో చెప్పగల మనిషి లేకుండా పోయాడు. ఆఫీసులవాళ్ళు 'ఆచూకీ లేదు' అని రాసుకుని చేతులు దులుపుకున్నారు.

ఇంట్లో అత్త ఉంది. రెండు కళ్ళకీ పొర కమ్మి, వెలుతురూ చీకటీ తప్ప వేరే తెలియని మనిషి. మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికి అందించాలి. నోటికి మాత్రం ఏ లోటూ లేదు. "నా కొడుకు పోయే రకం కాదు. ఎక్కడో నలుగురి మధ్య కూర్చుని కబుర్లు చెబుతూ ఉంటాడు. ఇవాళో రేపో వస్తాడు" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. రాత్రిళ్ళు తలుపు గడియ వేయనిచ్చేది కాదు. వాడు వచ్చి తలుపు కొడితే మనకి మెలకువ రాకపోతేనో అని భయం.

మిషనమ్మకి అలాంటి భ్రమలేమీ లేవు. పోయాడనే అనుకుంది. ఆ మాట గట్టిగా చెప్పే ఆనవాలు ఒక్కటి చాలు ఆమెకి. చెప్పుల జతో, సంచో, ఏదో ఒకటి. అది చేతికొస్తే ఏడ్చేదేదో ఒక్కసారే ఏడ్చి, తలుపు గడియ వేసుకుని పడుకోవచ్చు.

అందుకని కాళ్ళరిగేలా తిరిగింది. జమ్ము కోసేవాళ్ళని అడిగింది, వలలు ఆరేసుకునేవాళ్ళని అడిగింది, బాతులు తోలుకుపోయేవాళ్ళని అడిగింది. జాలిపడి కొందరు పడవ ఎక్కించుకుని మడుగులన్నీ చూపించారు. మొదట్లో అడుగు వేస్తే మోకాలిదాకా దిగబడిపోయేది. పోనుపోను నీటి రంగు చూసి లోతు చెప్పడం, ఏ గట్టు మనిషిని మోస్తుందో ఏది మింగుతుందో పోల్చుకోవడం వచ్చాయి. అక్కడి మగాళ్ళు కాలవ దాటేటప్పుడు చొక్కా విప్పి తలకి చుట్టుకుంటారనీ తెలిసింది. పొద్దువాలే వేళ నీళ్ళన్నీ ఎర్రబడి, తెల్లకొంగలు బారులు తీరి పోతుంటే చూడటానికి రెండు కళ్ళు చాలవు. ఇంత చోటు రోజూ చూసొచ్చి నాతో ఒక్క ముక్కయినా అన్నాడా మనిషి, అని ఆమెకి ఒళ్ళు మండిపోయేది. అందాన్ని చూసి ఒళ్ళు మండటమేమిటి అంటే ఏం చెప్పగలం? ఎవరి బాధ వాళ్ళది.

ఒకరోజు రైలు అలవాటు ప్రకారం పొలాల మధ్య నిలబడిపోయింది. కాస్త మెరకగా ఉన్న మడిలో పిట్టల్ని బెదరగొట్టే గడ్డిబొమ్మ ఒకటి చేతులు చాచుకుని ఉంది. దాని ఒంటి మీద లేతనీలం చొక్కా. అలాంటి చొక్కాలు లోకంలో కోకొల్లలు. కానీ గాలికి కాలరు ఎగిరి లోపలివైపు చారల గుడ్డ కనిపించింది. మిషనమ్మ కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడింది. కాలరుకి గుడ్డ చాలక, ఎవరిదో పరదా కుట్టగా మిగిలిన చారల ముక్కని లోపల వేసింది తనే. "లోపలే కదా, ఎవరు చూడొచ్చార్లే" అని నవ్వాడాయన.

తర్వాతి హాల్టులో దిగి పట్టాల వెంబడి వెనక్కి పరుగులాంటి నడక నడిచింది. మడిలో రైతు ఉన్నాడు.

"అన్నా, ఈ చొక్కా ఎక్కడిది?"

"మా ఆవిడ తెచ్చిందమ్మా. నీళ్ళు తీశాక జమ్ములో చిక్కుకుని ఉందంట. పనికొస్తుంది కదా అని బొమ్మకి తొడిగాం. ఏం, మీవాళ్ళదా?"

"మా ఆయనది."

"అయ్యో, తెలీక వేశాం తల్లీ. ఉండు, తీసిస్తా."

ఒక చేయి, తర్వాత ఇంకో చేయి, జబ్బుమనిషికి బట్టలు విప్పినట్టు నెమ్మదిగా విప్పి, దులిపి ఇచ్చాడు.

"ఆ వానల్లో ఇటువైపు ఎవరైనా కనిపించారా అన్నా?"

"మా పిల్లల్ని మేం వెతుక్కోడానికే సరిపోయిందమ్మా ఆ రోజు. ఎవర్ని చూశాం."

తిరుగు రైలెక్కాక చొక్కాని ఒళ్ళో పరుచుకుంది. ఏడ్చేదేదో ఇప్పుడే ఏడ్చేద్దామనుకుంది. సరిగ్గా అప్పుడే రెండో గుండీ కంటపడింది.

ఆ గుండీ అక్కడ ఉండకూడదు. ఆయన వెళ్ళిపోయిన పొద్దున అది ఊడిపోయి ఉంది. "కాస్త కుట్టిపెట్టవే" అని అడిగాడు. బ్యాండువాళ్ళ నల్లకోట్లు నెత్తిమీదికొచ్చి, తల ఎత్తడానికి లేకుండా ఉంది ఆమెకి. "నాకున్నవి రెండే చేతులు. రేపు చూద్దాంలే" అని కసిరింది. ఇప్పుడు చూస్తే గుండీ ఉంది. లేతనీలం మీద నల్లదారంతో, అడ్డదిడ్డంగా, ముద్దముద్దగా కుట్టి ఉంది. అది ఆమె చేతిపని కాదు. ఆయనకా, సూదికి బెజ్జం ఎటుందో కూడా తెలీదు.

అంటే ఎవరో కుట్టారు. అంటే ఆయన నీళ్ళలో పోలేదు, ఏదో ఇల్లు చేరాడు. ఆ ఇంట్లో రంగు చూసుకోవడం కూడా రాని ఆడది ఒకత్తి, ఎదురుగా నిలబెట్టుకుని గుండీ కుట్టిపెట్టింది. చొక్కా పాతబడ్డాక నీళ్ళలో పారేశాడు, తనని పారేసినట్టే!

అరికాలి మంట నెత్తికెక్కింది. నీకోసం ఏ మడుగులో దిగలేదురా, ఎవరి కాళ్ళు పట్టుకోలేదురా అని మనసులో నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ ఆడదాని చేతులు పడిపోవాలని శపించింది. దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికి గుండీని కిటికీలోంచి నీళ్ళలోకి విసిరేసింది. ముసలిదానికి పోయాడనే చెబుతాను, నాకు చచ్చినవాడు ఆమెకి మాత్రం ఎందుకు బతకాలి, అనుకుంది. ఇల్లు వచ్చేదాకా ఆ తిట్లు ఆగలేదు.

అత్త గుమ్మంలోనే కూర్చుని ఉంది. మిషనమ్మ చొక్కా ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఏమిటే ఇది?"

"ఆయన చొక్కా అత్తా. నీళ్ళలో దొరికింది."

ముసలామె చొక్కాని ముఖానికి ఆనించుకుంది. "కిరసనాయిలు వాసన లేదేమే" అంది. తర్వాత వేళ్ళతో కాలరు తడిమింది, మొదటి గుండీ తడిమింది, ఆ కిందకి వచ్చి ఆగిపోయింది.

"ఇక్కడి గుండీ ఏదే?"

"ఏ గుండీ?"

"నేను కుట్టిందే. ఆ పొద్దున నువ్వు పనిలో సతమతమైపోతున్నావని నేనే వాడిని పిలిచాను. దారం ఎక్కించిన సూది ఎప్పుడూ నీ మిషను దిండుకి గుచ్చి ఉంటుంది కదా, తడుముకుని తీశాను. కళ్ళు లేకపోతే మాత్రం వేళ్ళు లేవా నాకు? 'నీ కోడలికి చెప్పకు, నవ్వుతుంది' అన్నాడు వాడు. అందుకే చెప్పలేదు."

ఆ పొద్దున దిండుకి గుచ్చి ఉన్నది నల్లకోట్ల సూది. అందులో నల్లదారం ఎక్కించింది మిషనమ్మే.

"ఊడిపోయిందా?" అంది అత్త.

"ఊడిపోయిందత్తా."

"నా కుట్టు అంతేలే. నువ్వు కుట్టి ఉంటే ఊడేది కాదు."

వీధిలో దీపాలు వెలిగాయి. ముసలామె చొక్కాని తడుముతూ నాలుగు మడతలు పెట్టింది. ఆ తర్వాత, మామూలుగా మంచినీళ్ళు అడిగినట్టే, "ఇక తలుపు గడియ వెయ్యి" అంది.

మిషనమ్మ లేచింది. రైల్లో వచ్చినంతసేపూ ఆయన బతికే ఉన్నాడు. ఆ కాస్త సేపూ తిట్లతోనే గడిపేసింది. ఏదో ఒక గట్టు మీద, ఏదో ఒక ఇంట్లో, గుండీలు కుట్టడం చేతకాని ఆ ఆడది నిజంగా ఉండి ఉంటే ఎంత బాగుండును, అని ఏడుస్తూ గడియ వేసింది.