దానియేలు కాకకు చెప్పని మాట

పదేండ్ల పైనాయె, ఈ మాట కడుపుల పెట్టుకొని. నా భార్యకు గూడ చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు. అందుకేనేమో, మీకు చెప్పబుద్ధయితాంది.

గోదావరిఖనిల ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల కాంట్రాక్టు పని పోయి నేను ఖాళీగ తిరుగుతున్నప్పుడు, పిలిచి పని నేర్పింది దానియేలు కాక. బొగ్గుబాయిల నీళ్ల పంపులు నడిపి, రిటైరై దిగిపోయినంక చిన్న షెడ్డు పెట్టిండు. జనరేటర్లు, చేన్లకు మందుకొట్టే పంపులు, మోపెడ్లు. ట్యాంకుల పెట్రోలు ఇంజన్ దాంక ఎట్ల పోతదో, ఏడ ఆగుతదో చెయ్యి పట్టి చూపించిండు. ఇయ్యాల మా ఇంట్ల పొయ్యి మండుతున్నదంటే ఆయన చలవే.

ఒకసారి వాళ్ల చర్చి జనరేటర్ బాగుచేసినం. తుప్పువట్టిన ట్యాంకుకు, దాని మూతకు నేనే రంగేసిన. ఆదివారం ప్రార్థన నడుమ అది ఆగింది. పావుగంట నడుసుడు, ఆగుడు. మళ్ల షెడ్డుకు తెచ్చిన్రు. కాక కార్బురేటర్ విప్పిండు, అండ్ల పెట్రోలు చిమ్మే సన్నని జెట్ ఊదిండు, పైపు మార్చిండు. అదే తీరు. "పెద్దాయనకు కండ్లు మసకబారినయ్" అన్నరు చర్చోళ్లు, ఆయన ముంగటనే.

మూడో దినం కాక బువ్వకు పోయిండు. పెట్రోలు ఎంతున్నదో చూద్దామని మూత తిప్పిన. బుస్సుమని గాలి లోపటికి గుంజుకున్నది. మూతకు సూదిమొనంత బెజ్జం ఉంటది; అండ్లకెళ్లి గాలి పోతేనే పెట్రోలు కిందికి దిగుతది. నా రంగు దాన్ని మూసేసింది. సూదితోని పొడిచిన. కాక తిరిగొచ్చేసరికి గంట నుంచి ఇంజన్ ఆగకుండ నడుస్తాంది.

"దొరికిందా? ఏముండె?"

"జెట్‌ల నలక, కాకా."

ఆ జెట్ తన చేతుల్తోనే ఊదిండాయె. "నాకు కనవడలే బిడ్డా. ఇగ షెడ్డు నువ్వే చూస్కో" అన్నడు. వారం తిరగకముందే పానాలు, స్క్రూడ్రైవర్లున్న డబ్బా నా చేతుల పెట్టి ఇంట్ల కూసున్నడు.

ఎందుకు చెప్పలే? భయమా? తిడుతడనా? ఆయన నన్ను ఏనాడు తిట్టిండని? లేక నలుగురు నన్ను మెచ్చుకుంటుంటే ఆ మెప్పు వదులుకోబుద్ధి కాలేదా?

ఆఖరికి దవాఖానల పడ్డప్పుడు, పక్క మంచమాయనకు నన్ను చూపించి "ఇంజన్ నాడి ఈనకే దొరుకుతది" అన్నడు, గర్వంగ. అప్పుడన్న చెప్పాల్సుండె. ఆయన కాళ్లు ఒత్తుకుంట కూసున్న, అంతే.

ఆయన కండ్లకు ఏం కాలేదు. తప్పు నాది. గీ రెండు మాటలు ఇన్నేండ్లకు నా నోట్లకెళ్లి ఎల్లినయ్. వినాల్సినాయన లేడు. అయినా, మీరు విన్నరు.